పెళ్లికాని కూతుళ్ల వరుస

14 జూన్ 1990

అమ్మడూ,

అందరం క్షేమంగా చేరాం. విమానం దిగి పదకొండు రోజులైంది. ఇన్నాళ్లూ రాయనిది తీరిక లేక కాదు, ఏం రాయాలో తోచక. మీ నాన్న మూడో రోజే గోడౌనులో పనికి చేరారు. చెల్లిని బడిలో వేశాం. నాకు ఆసుపత్రిలో దుప్పట్లు మడిచే పని దొరికింది. యంత్రంలోంచి అవి పొయ్యిమీంచి దించినంత వేడిగా వస్తాయి. ఇద్దరం చెరో కొసా పట్టుకుని మడవాలి. రెండో కొస పట్టుకునే ఆవిడ భాష నాకు రాదు, నాది ఆవిడకి రాదు. తలలూపుకుంటూ కాలక్షేపం చేస్తున్నాం.

ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు కాగితంలో పిల్లలెంతమంది అని ఉంటే ఇద్దరని రాశాను. ఆఫీసు గుమాస్తా కొట్టేసి ఒకరని దిద్దాడు. ఇరవై ఒకటి నిండినవాళ్లు ఇక్కడి చట్టంలో బిడ్డల కింద రారట. మన కాగితాలు వీసా ఆఫీసువాళ్ల బల్లమీద రెండేళ్లు పడున్నాయి. నలభై రోజుల ముందు, నీకు ఇరవై ఒకటి నిండకముందే ఎవరో ఒకరు సంతకం గీకి ఉంటే నువ్వూ మాతో వచ్చేదానివి. ఇప్పుడు నువ్వు నా కూతురివే కానీ బిడ్డవి కావు. ఈ తేడా ఏమిటో ఎవరైనా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్తే బాగుండు.

మనవాళ్లకి దరఖాస్తులు నింపిపెట్టే ఒకాయన ఉన్నాడు. అందరూ ఫారాల మాస్టారంటారు. నిన్న ఆయనచేత నీకోసం దరఖాస్తు పెట్టించాను. అందులో నీ వర్గం పేరు ‘పెళ్లికాని కూతురు’. వరుస వచ్చేదాకా నువ్వు అలాగే ఉండాలి. పెళ్లయితే ఆ రోజే ఫైలు రద్దవుతుందట. మూడేళ్లు పట్టొచ్చన్నాడు. పిన్ని దగ్గర సర్దుకో. సంబంధాలేవైనా వస్తే తిప్పి పంపెయ్యమని పిన్నికి రాస్తున్నాను.

మీ అమ్మ


2 ఆగస్టు 1990

అమ్మకి,

ఉత్తరం పైకి చదవమంది పిన్ని. ‘బిడ్డవి కావు’ దగ్గర ఆపేశాను. మిగతాది లోపల చదువుకుని, ఆవిడకి సగం కల్పించి చెప్పాను.

మూడేళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేను. బస్టాండు వెనక కళ్లద్దాల షాపులో చేరాను. వెనక గదిలో సానచక్రం ముందు కూర్చుని, అద్దాల అంచులు ఫ్రేముకి సరిపడేలా అరగదీయడం నా పని. చక్రం మీద నీళ్ల ధార పడుతూ ఉంటుంది. తెల్లటి గుజ్జు మోచేతులదాకా చిమ్ముతుంది. మొదటి వారం ఆరు అద్దాలు పగలగొట్టాను. ఓనరు తిట్టలేదు. ఏడోది పగలదులే అన్నాడు. అదీ పగిలింది.

నా నీలం స్వెటరు ఎవరి పెట్టెలో వెళ్లిపోయిందో నాకు తెలుసని చెల్లికి చెప్పు. పెళ్లి గురించి నువ్వు బెంగపడకు. నన్ను చేసుకుంటామని ఇక్కడెవరూ వాకిట్లో బారులు తీరి లేరు.

నీ పెళ్లికాని కూతురు
(ఫారంలో నువ్వే రాశావుగా)


9 నవంబరు 1992

అమ్మడూ,

పిన్ని రాసింది, నీకు లెక్చరరు సంబంధం వచ్చిందని. వద్దని నేను టెలిగ్రాం ఇవ్వాల్సి వచ్చింది. కోపం తెచ్చుకోకు. ఇక్కడ సంగతి నీకు సరిగ్గా చెప్పలేదు, అది నా తప్పే.

ప్రతి నెలా ప్రభుత్వంవాళ్లు ఒక పట్టిక వేస్తారు. ఏ తేదీదాకా దరఖాస్తు పెట్టినవాళ్లని పిలుస్తున్నారో అందులో ఉంటుంది. ఫారాల మాస్టారు దాన్ని తన కిటికీకి అంటిస్తాడు. పని దిగి నేను తిన్నగా అక్కడికే వెళ్తాను. మనది జూన్ 90. పట్టిక ఇంకా 85 ఏప్రిల్ దగ్గరుంది. ఒక నెలలో పది రోజులు జరుగుతుంది, ఇంకో నెలలో కదలనే కదలదు. ఒక్కో దేశానికి ఏడాదికి ఇంతమందే అని హద్దు పెట్టారట. మన దేశంనుంచి అడిగేవాళ్లు ఎక్కువ. ఏదైనా చిన్న దేశంలో పుట్టి ఉంటే నువ్వు ఈపాటికి వచ్చేసి ఉండేదానివని మాస్టారన్నాడు. నిన్ను ఎక్కడ కనాలో ముందే ఆయన్ని అడగాల్సింది.

నా వేళ్లు దుప్పట్ల వేడికి పగిలాయి, అందుకే ఈ రాత. రెండేళ్లు ఓర్చుకో తల్లీ. ఇన్నాళ్లు ఆగి ఇప్పుడు చేజార్చుకుంటే అంతా బూడిదలో పోసినట్టే.

మీ అమ్మ


20 మార్చి 1994

అమ్మకి,

ఒక సంగతి రాయాలి. నాలుగు ఉత్తరాలుగా మింగుతున్నాను.

పోయినేడు షాపుకి ఒకతను దగ్గరిచూపు అద్దాల కోసం వచ్చాడు. బైండరు. కోర్టులకీ ఆఫీసులకీ రిజిస్టర్లు కుట్టే పని. వేళ్ల సందుల్లో జిగురు ఎండిపోయి ఉంటుంది. అద్దాలు పెట్టుకుని సూది చూసుకున్నాడు. “ఇన్నేళ్లూ సూదికి రెండు బెజ్జాలున్నాయనుకున్నానండీ” అన్నాడు. నవ్వాగలేదు నాకు. ఆ తర్వాత ఫ్రేము వదులైందని వచ్చాడు, బిగువైందని వచ్చాడు, మళ్లీ వదులైందన్నాడు. ఓనరుకి విషయం నాకంటే ముందే అర్థమైంది.

తల్లీ తండ్రీ లేరు. తాగడు. మాట తక్కువ. ఫైలు సంగతి అంతా చెప్పాను. ఆగమంటే ఆగుతానన్నాడు. కానీ నాకు ఇరవై ఐదు నిండాయమ్మా. నేను రావాలనుకుంటున్నానో లేదో మీరెవరూ నన్ను అడగలేదు. ఇప్పుడైనా అడుగు. నేను ఇక్కడే ఉండిపోతానంటే ఏమవుతుంది?

నాన్నతో కూడా మాట్లాడి రాయి.

నీ కూతురు


17 ఏప్రిల్ 1994

అమ్మడూ,

మీ నాన్నతో మాట్లాడలేదు. మాట్లాడను కూడా.

నువ్వు ఉండిపోతానంటే ఏమవుతుందని అడిగావు. నాలుగేళ్లుగా కిటికీ ముందు నిలబడ్డ నా కాళ్లని అడుగు. పట్టిక 86 దాటింది. అతను నిజంగా మంచివాడైతే ఆగుతాడు. నువ్వు ముందు ఇక్కడికి వచ్చి కాలు నిలదొక్కుకుంటే, తర్వాత వెనక్కి వెళ్లి అతన్నే చేసుకోవచ్చు, ఎవరు కాదన్నారు?

ఒక్క సంతకంతో ఫైలు చస్తుంది. చచ్చిందాన్ని నేను లేపలేను. ఇంతకంటే రాయలేను.

మీ అమ్మ


28 డిసెంబరు 1995

అమ్మడూ,

ఫోటోలు పంపుతున్నాను. చెల్లి పెళ్లి పదో తేదీన అయింది. ముందుగా రాయనందుకు నీకు నొప్పి కలుగుతుందని తెలుసు. అంతా మూడు వారాల్లో జరిగిపోయింది. పిల్లవాడు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తాడు, నాకు తెలిసినవాడే. చెల్లి ఇక్కడ ఉండే హక్కు దాని సొంతం కాబట్టి పెళ్లయినా ఏ ఫైలూ పోదు.

అక్కకి కాకుండా చెల్లికి ముందేమిటని మీ నాన్న రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. ఫోటోలో ఆయన మొహం అందుకే అలా ఉంది. చివరలో ఖాళీ కుర్చీ కనిపిస్తుంది చూడు. అది నీకోసమని చెల్లే వేయించింది. ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

మీ అమ్మ


3 మార్చి 1996

అమ్మకి,

ఫోటోలు అందాయి. చీర చెల్లికి బాగా నప్పింది. కుర్చీ చూశాను.

ఇక్కడ కొత్తగా రాయడానికేమీ లేదు. పిన్ని ఇల్లు ఇరుకైందని షాపు దగ్గర్లో ఒక గది తీసుకున్నాను. ఇకనుంచి ఉత్తరాలు షాపు చిరునామాకే రాయి. ఆ బైండరు షాపుకి రావడం మానేశాడు. ఆ సంగతి మళ్లీ నన్ను అడగొద్దు.

నీ కూతురు


11 మే 1997

అమ్మడూ,

పోయిన నెల ఇక్కడ చట్టం మార్చారు. బయటనుంచి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారని ఎన్నికల్లో గోల జరిగింది. గెలిచినవాళ్లు మన వరుసకి ఇచ్చే చోట్లు సగానికి కోసేశారు. 88కి వచ్చిన పట్టిక మళ్లీ 86కి వెళ్లింది. ముందుకెళ్లడమే కాక వెనక్కి నడవడం కూడా దానికి వచ్చని నాకు తెలియదు. కిటికీ దగ్గర ఒక ముసలాయన మాస్టారి చొక్కా పట్టుకున్నాడు, ఆ చట్టం ఈయనే చేసినట్టు. ఆయన చెయ్యి విడిపించి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను.

నువ్వు దిగులుపడకు. నేను ఒక పని మొదలుపెట్టాను. పూర్తయ్యాక చెప్తాను. బైండరు వెళ్లిపోయాడని రాసినప్పుడు, దేవుడా ఫైలు దక్కింది అనుకున్నాను. తర్వాత సిగ్గేసింది.

మీ అమ్మ


6 అక్టోబరు 1997

అమ్మకి,

పోయిన నెల రాయలేకపోయాను. ఒంట్లో బాగాలేక మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఇప్పుడు పర్వాలేదు. నీరసం ఉంది, నిద్ర చాలడం లేదు. షాపుకి రెండు నెలలు సెలవు పెట్టాను. ఓనరు మంచివాడు, ఉత్తరాలు తనే ఇంటికి తెచ్చిస్తున్నాడు.

చట్టం మారితే మారనీ. నాకిప్పుడు దాని మీద ధ్యాస లేదు.

నీ కూతురు


2 నవంబరు 1997

అమ్మడూ,

మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నావంటే అది కడుపులో పుండే. చిన్నప్పటినుంచీ నువ్వు వేళకి తినవు. టానిక్కు, మాత్రలు పంపుతున్నాను, భోజనానికి ముందు వేసుకో. పిన్నిని కొన్నాళ్లు వచ్చి ఉండమని రాశాను. ఆవిడ ఏదో నసుగుతూ జవాబిచ్చింది. అంత ఒంటరిగా నిన్ను వదిలేశానే అని వారం రోజులుగా ముద్ద దిగడం లేదు. ఎంతో దూరం లేదు, చూస్తూ ఉండు.

మీ అమ్మ


24 మే 1998

అమ్మడూ,

మొన్న ఇరవై రెండో తేదీన నేను ఈ దేశపు పౌరురాలినయ్యాను.

పెద్ద హాలు. మూడు వందలమందిమి చెయ్యెత్తి ప్రమాణం చేశాం. పాత పాస్‌పోర్టు ఒక బుట్టలో వేయించుకున్నారు. బుట్ట మామూలు ప్లాస్టిక్ బుట్ట, ఆసుపత్రిలో మాసిన గలీబులు వేసేలాంటిది. మీ నాన్న రాలేదు. పుట్టిన దేశాన్ని కాదనుకునేవాళ్లని చూడనన్నారు.

ఇదంతా నీకోసమే. పౌరుల కూతురికి పెళ్లయినా ఫర్వాలేదు. వరుస మారుతుంది కానీ ఫైలు బతికే ఉంటుంది, పాత తేదీ కూడా చెల్లుతుంది. అర్థమైందా? నువ్వు పెళ్లి చేసుకోవచ్చు. ఆ బైండరు ఎక్కడున్నాడో కనుక్కో. నేను అన్న మాటలకి అతన్ని క్షమించమని అడుగు. రేపే చేసుకో, ఎల్లుండే చేసుకో.

ఎనిమిదేళ్ల తర్వాత ఇవాళ పని దిగి కిటికీవైపు వెళ్లకుండా తిన్నగా ఇంటికొచ్చాను.

మీ అమ్మ


15 జూన్ 1998

అమ్మకి,

మూడు కాగితాలు చింపేశాక ఇది రాస్తున్నాను. వంకరటింకరగా ఉన్నా ఇదే పంపుతాను.

ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. షాపుకి రావడం మానేశాడన్నది అబద్ధం కాదు, ఇంట్లోనే ఉన్నవాడు షాపుకి ఎందుకొస్తాడు? 1996 ఫిబ్రవరి 19న రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నాం. చెల్లి ఫోటోలు వచ్చిన వారానికి. పిన్నీ, ఓనరూ సాక్షులు. నీకు రాయొద్దని పిన్నిచేత ఒట్టు వేయించుకున్నాను, ఆవిణ్ణి ఏమీ అనకు. కడుపులో పుండు కాదమ్మా. సెప్టెంబరులో పాప పుట్టింది. దానికిప్పుడు తొమ్మిది నెలలు. నీ టానిక్కు నేను తాగాను, వృథా కాలేదు.

ఫైలు చస్తుందని తెలిసే చేశాను. చచ్చిందని నీకు చెప్పే ధైర్యం లేకపోయింది. నువ్వు ప్రతి నెలా కిటికీ దగ్గర నిలబడటం ఊహించుకుంటూనే రెండేళ్లు నోరు మూసుకున్నాను.

కానీ నువ్వేం రాశావు? ఒక పని మొదలుపెట్టాను, పూర్తయ్యాక చెప్తాను అని. అలాంటి దారి ఒకటుందని నా పెళ్లికి ముందే చెప్పి ఉంటే నేను ఆగేదాన్నా అని నన్ను నేనే అడుగుతున్నాను. నాకు తెలియదు. మాస్టారిని కనుక్కో, ఏదైనా దారి ఉందేమో.

నీ కూతురు


8 జూలై 1998

అమ్మడూ,

దారి లేదు. పెళ్లి ప్రమాణానికి ముందే అయింది కాబట్టి ఫైలు ఆ ఫిబ్రవరి 19నే పోయింది. రెండేళ్ల మూడు నెలలు నేను పీనుగకి కాపలా కాశాను.

ఇంకొక మాట. మాస్టారు చెప్పింది కాదు, దుప్పట్ల గదిలో ఒకావిడ చెప్పింది. మీరిద్దరూ ఇంకో ఊళ్లో రిజిస్ట్రారు దగ్గరికెళ్లి కొత్త తేదీతో మళ్లీ పెళ్లి చేసుకోండి. పాత పేజీ తీయించెయ్యండి, అతనికి ఆ ఆఫీసుల్లో తెలిసినవాళ్లుంటారుగా. పాపని పెంచుకున్నామని కాగితం పుట్టించొచ్చు. చాలామంది చేశారట. ఇంత చేసి చేతులెత్తెయ్యడం నావల్ల కాదు. నాకోసం ఇదొక్కటి చెయ్యి.

మనవరాలు పుడితే నాకు తొమ్మిది నెలలకి తెలిసింది. ఆ సంగతి ఇప్పుడు రాయను, రాస్తే ఈ ఉత్తరం పూర్తికాదు.

అమ్మ


30 జూలై 1998

అమ్మకి,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. ఆ ఆఫీసు రిజిస్టరు కుట్టింది ఆయనే. ఒక పేజీ లాగితే కుట్టుకి అవతల దాని జంట పేజీ కూడా ఊడి వస్తుందని, అందులో ఇంకెవరి పెళ్లిళ్లో ఉంటాయని చెప్పాడు. పాపని ఎత్తుకుని వాకిట్లోకి వెళ్లాడు. నిన్ను ఒక మాట అనుంటే బాగుండేది.

నా కూతుర్ని నా కడుపున పుట్టలేదని నేను రాయను. ఒకసారి మన ఇంట్లో ఒకరిని కాగితం మీద బిడ్డ కాదన్నారు, అది చాలు.

కొన్నాళ్లు నాకు రాయకు. నేనూ రాయను.

5 ఫిబ్రవరి 2003

అమ్మడూ,

నాలుగున్నరేళ్లు నువ్వన్నట్టే ఆగాను. పిన్ని పంపిన ఫోటోల్లో పాపని చూస్తూనే ఉన్నాను. నుదురు మీ నాన్నది. ఆయన మోకాలికి ఆపరేషను అయింది, ఇంటిపట్టునే ఉంటున్నారు. చెల్లివాళ్లు వేరే ఊరు మారారు.

నీకు చెప్పకుండా 99లో కొత్త దరఖాస్తు పెట్టాను, ‘పెళ్లయిన కూతురు’ వర్గంలో. ఇరవై ఏళ్లు పడుతుందన్నాడు మాస్టారు. అప్పటికి పాపకి ఇరవై ఒకటి దాటుతుంది కాబట్టి నువ్వు రావొచ్చు కానీ అది రాకూడదట. ఆయన మామూలుగా చెప్పేశాడు. నేను లేచి వచ్చేశాను.

ఇంకో సంగతి నీకు చెప్పకుండా పోతే నాకు ఊపిరాడదు. పౌరసత్వానికి నాకు అర్హత 98లో రాలేదు. 95లోనే వచ్చింది. పౌరుల కూతురికి పెళ్లి అడ్డుకాదని మాస్టారు అప్పుడే చెప్పాడు. మీ నాన్న వద్దన్నారని అందరితో అన్నాను. ఆయన వద్దన్నది నిజమే, ఆయన వద్దన్నవి నేను ఎన్ని చెయ్యలేదు? అసలు కారణం అది కాదు. పెళ్లయితే నువ్విక రావనుకున్నాను. నేను వదిలి వచ్చిన పిల్ల వదిలినట్టే నా దగ్గరికి రావాలనుకున్నాను. ఆ చట్టం నేను అడగకుండానే నిన్ను నాకోసం ఆపి ఉంచింది. అందుకే రెండేళ్లు దాని చాటున కూర్చున్నాను.

తిట్టు. రాయకపోయినా తిట్టు.

ఒకసారి వచ్చి పాపని చూడాలని ఉంది. ఇప్పుడు నేను పరాయి దేశస్థురాలిని కాబట్టి అక్కడికి రావడానికి వీసా కావాలి. అక్కడ నివసించే ఒకరు ఆహ్వానపత్రం రాసి పూచీ ఉండాలట. నమూనా పంపుతున్నాను. అక్కడ నాకు నువ్వు కాక ఇంకెవరున్నారు?

మీ అమ్మ


1 మార్చి 2003

అమ్మకి,

ఆహ్వానపత్రం దీంతోపాటే ఉంది. నమూనాలో మాటలు మార్చకూడదన్నారు కాబట్టి ఉన్నవి ఉన్నట్టే రాశాను. ‘వచ్చే వ్యక్తి విదేశీయురాలు. నాకు తల్లి అవుతారు. ముప్పై రోజులు నా ఇంట్లో ఉంటారు. ఇక్కడ స్థిరపడే ఉద్దేశం ఆమెకు లేదు. గడువులోగా ఆమె దేశం విడిచి వెళ్లేలా చూసే పూచీ నాది.’ మా ఆయన తప్పులు చూసిపెట్టాడు. నోటరీ దగ్గర ముద్ర వేయించాను.

95 సంగతి చదివాక రెండు రోజులు షాపుకి వెళ్లలేదు. పెళ్లయితే రాననుకున్నానన్నావు. నాకు నీ దగ్గరికి రావాలని నిజంగా అనిపించింది పెళ్లయ్యాకే. పాప పుట్టిన మూడు రోజులూ వార్డు తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తి చూశాను. నీకు చెప్పనిది నేనేనని తెలిసి కూడా చూశాను. అంత దూరంలో చట్టం ఒక్కటే లేదని ఇప్పుడు తెలిసింది. అది తెలియకపోయినా బతికేదాన్ని.

కొత్త దరఖాస్తు వెనక్కి తీసుకో. నా కూతుర్ని ఆ వరుసలో నిలబెట్టను. ఈ విషయంలో నన్ను బతిమాలొద్దు.

రా. వస్తే ముప్పై రోజులూ కోపం లేకుండా ఉంటానని మాత్రం మాటివ్వలేను, ఆ పూచీ ఎవరూ అడగలేదు. ముందు గదిలో మంచం వేశాం. పాపకి నువ్వెవరో చెప్పాను. ఎన్నాళ్లుంటుందని అడిగింది. ముప్పై రోజులన్నాను.

“తర్వాత ఎక్కడికెళ్తుంది?” అంది.

వాళ్లింటికి అన్నాను.

నీ కూతురు